సుద్ద తెలుపు

ఆ షెడ్డులో పనిచేసేవాళ్లంతా ఆమెను రంగులమ్మ అనే పిలిచేవారు. మొదట ఎగతాళికి పెట్టిన పేరే అయినా, పోను పోను అదే ఖాయమైపోయింది. యుద్ధకాలపు విమానాలను బాగుచేసి జనం చూడటానికి నిలబెట్టే మ్యూజియం అది. రెక్కలు అతికేవాళ్లు, ఇంజన్లు విప్పేవాళ్లు వేరే ఉన్నారు. ఏ విమానం ఏ రంగులో ఎగిరిందో తేల్చడం, తేలినదాన్ని తేలినట్టుగా వేయించడం రంగులమ్మ పని. ఆకుపచ్చ అని ఊరుకుంటే ఆమె ఒప్పుకోదు. ఏ ఆకుపచ్చ, కొత్తగా వేసినప్పటిదా, ఎండకు వెలిసిందా, ఇంజను పొగ పట్టిందా అని ప్రాణాలు తోడేస్తుంది. ఒకసారి చక్రాల గూడు లోపల, ఎవరూ వంగి చూడని చోట, రంగు ఒక ఛాయ తేడాగా పడిందని మొత్తం గీకించి మళ్లీ వేయించింది.

"ఈవిడ మొగుణ్ణి కూడా ఎండలో ఒకసారి, నీడలో ఒకసారి నిలబెట్టి చూశాకే చేసుకునుంటుంది" అన్నాడు వెల్డరు.

"చూశాను. నీడలోనే నయం" అంది రంగులమ్మ, తల ఎత్తకుండానే.

అలాంటి మనిషి చేతికి సొంత ఇంటి విమానం వచ్చి పడింది.

ఆమె అత్తగారి అన్నయ్య యుద్ధంలో పైలట్. ఒకరోజు పొద్దున విమానం ఎక్కి వెళ్లినవాడు మళ్లీ రాలేదు. శత్రువుల గడ్డ మీద కూలిపోయి ఉంటాడని పైనుంచి కబురొచ్చింది. అత్తగారు అప్పటికింకా జడలు వేసుకుని బడికెళ్లే పిల్ల. తల్లి మాత్రం, శవాన్ని చూడలేదు కాబట్టి, గుమ్మంలో చెప్పుల చప్పుడైతే చాలు ఉలిక్కిపడి లేచేది. అలా లేస్తూ లేస్తూనే ముసలిదై పోయింది.

ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు వానలు మొహం చాటేసి, ఊరికి నీళ్లిచ్చే జలాశయం అడుగంటింది. ఎండిన బురదలోంచి విమానం తోక ఒకటి బయటపడింది. ఇంజను మీది నంబరు చూసి అది ఎవరిదో పోల్చారు. శత్రువుల గడ్డ మీద కాదు, సొంత ఊరి నీళ్లలోనే ఉన్నాడు ఆ అబ్బాయి. దొరికిన ఎముకలను సైనిక లాంఛనాలతో సాగనంపారు. విమానాన్ని మ్యూజియానికి తెచ్చారు. శత్రువుల మీద బాంబులు వేసి వస్తుంటే వాళ్ల ఫిరంగులు తగిలాయని, ఎలాగో ఊరిదాకా ఈడ్చుకొచ్చి జలాశయంలో కూలాడని డైరెక్టరుగారు తేల్చేశారు. పేపర్లూ అదే రాశాయి.

అత్తగారు అంత్యక్రియలకు వచ్చారు. కంట తడి పెట్టలేదు. విమానాన్ని చూడటానికి మాత్రం షెడ్డులో అడుగు పెట్టలేదు. రెండేళ్లుగా కోడలు పిలవడమూ, ఆవిడ ఏదో ఒక వంక చెప్పడమూ జరుగుతూనే ఉంది. పోన్లే, గుండె రాయి చేసుకోలేకపోతున్నారేమో అనుకుని రంగులమ్మ కూడా మరీ బలవంతపెట్టలేదు.

అసలు గొడవంతా తెల్ల పట్టీల దగ్గర వచ్చింది.

ఆ విమానం కూలడానికి కొద్దిరోజుల ముందు, మన విమానాలు కొన్ని శత్రువుల చేతికి చిక్కాయి. వాటిలోనే వచ్చి వాళ్లు ఊరి మీద బాంబులు వేసి పోయారు. దాంతో ఒక ఆర్డరు పుట్టింది. మన విమానాలన్నిటికీ రెక్కల చుట్టూ రెండేసి తెల్ల పట్టీలు వేయాలి. పట్టీలు లేకుండా ఊరి మీదికి ఏది వచ్చినా కింద ఉన్న ఫిరంగులు అడగకుండా కాల్చేయాలి. ఆ అబ్బాయి దళంలో మిగతా విమానాల ఫొటోలున్నాయి. అన్నిటికీ పట్టీలు మెరుస్తూ కనిపిస్తాయి. మనదానికీ వేసేద్దాం, కంటికి కొట్టొచ్చినట్టుంటుంది అని డైరెక్టరుగారి సరదా.

దానికి సాక్షి కూడా ఉన్నాడు. బ్రష్షు బాబాయి. ఆ దళంలో విమానాలకు రంగులు వేసిన కుర్రాడు, పోయిన పైలట్‌కు ప్రాణ స్నేహితుడు. యుద్ధం అయ్యాక దుకాణాలకు బోర్డులు రాసుకుంటూ బతికాడు. స్నేహితుడి తల్లిని చూడటానికి ఆ ఇంటికి రావడం మొదలుపెట్టి, ఆవిడ పోయాక చెల్లెల్ని చూడటానికి వస్తూ ఉండిపోయాడు. ఇప్పుడు ఎనభై దాటాయి. అత్తగారు ఆయన్ని 'అన్నయ్యా' అంటారు, ఆయన ఆవిడను 'చెల్లాయ్' అంటాడు. ఆ మాటలు విన్నవాళ్లెవరూ వాళ్లు తోబుట్టువులు కారంటే నమ్మరు.

"ఆ పట్టీలు నేనే వేశాను. ముందురోజు సాయంత్రం. ఈ చేత్తో" అని కుడిచెయ్యి చాపి చూపించేవాడు.

రంగులమ్మ రెక్క మీది రంగును పొర పొరగా విప్పి చూసింది. అడుగున తుప్పు ఆపే పసుపు పూత, దానిమీద బూడిదరంగు, దానిమీద ఆకుపచ్చ. ఆ పైన ఏమీ లేదు. ఒక చోట కాదు, రెండు రెక్కలూ పైనా కిందా వెతికింది. తెలుపన్నది నలుసంత కూడా దొరకలేదు.

అప్పటినుంచి ఆమెకు లోపల ముల్లు గుచ్చుకున్నట్టుంది. పట్టీలు వేయడం మర్చిపోయి, ఆ మనిషి ఇన్నేళ్లూ వేశానని చెప్పుకుంటూ తిరిగాడా? మర్చిపోయాడనే అనుకోవాలని చూసింది. కానీ ఆయన ఇంటికొచ్చి టీ తాగుతూ నవ్వినప్పుడల్లా, ఆ నవ్వులో ఏదో దాస్తున్నాడేమో అని మొహంలోకి పరీక్షగా చూసేది. అలా చూడటం ఆమెకే సిగ్గనిపించింది. ఇక ఉండబట్టలేక ఒకరోజు అత్తగారి ముందే కదిపింది.

"బాబాయిగారూ, రెక్కంతా చూశాను. తెల్లరంగు ఎక్కడా కనబడలేదండీ. వేరే విమానానికి వేసింది గానీ మీకు గుర్తుండిపోయిందేమో..."

ఆయన కప్పు కింద పెట్టాడు. "అంటే నేను అబద్ధం చెప్తున్నాననా?"

"అయ్యో, ఆ మాట నేననలేదు."

"అనకపోతే ఏం, చూస్తున్నావుగా! నెలరోజుల్నుంచి చూస్తున్నావు, దొంగని చూసినట్టు. వాడి విమానం నాకు తెలీదా? వాడు పక్కనే కూర్చుని నన్ను ఆటపట్టిస్తూనే ఉన్నాడమ్మా, నేను పట్టీలు వేస్తుంటే!"

టీ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. అత్తగారు లేచారు. కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, చాలాసేపు దాన్నే కడుగుతూ నిలబడ్డారు.

"వేసేస్తే పోలా ఆ పట్టీలు?" అన్నారు చివరికి. "ఎవరికి నష్టం?"

"లేనిదాన్ని ఎలా వెయ్యను అత్తయ్యా?"

ఆవిడ కప్పు బోర్లించి వెళ్లిపోయారు.

ఆ తర్వాత కొద్దిరోజులకే రంగులమ్మ రెక్క మీది పెట్రోలు ట్యాంకు మూత విప్పిస్తోంది. మూత అంచు కింద రబ్బరు పట్టీ, దానికి దట్టంగా గ్రీజు. రబ్బరు ఊడదీస్తే దాని కింద గోరంత మేర తెల్లగా ఏదో కనిపించింది. అల్యూమినియం పుచ్చినా తెల్లపొడే వస్తుంది కాబట్టి ఆమె తొందరపడలేదు. ఒక రేణువు తీసి వెనిగరు చుక్క వేసింది. నురగ వచ్చింది. సుద్ద!

ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. సుద్దపొడిలో జిగురూ నీళ్లూ కలిపి వేసే రంగు అది. గంటలో ఆరుతుంది, నీళ్లు తగిలితే పోతుంది. అన్నేళ్లు నీళ్ల అడుగున పడున్న రెక్క మీద అది మిగలకపోవడంలో వింతేముంది? మూత కింద గ్రీజు కాపాడిన ఈ గోరంత తప్ప మిగతాదంతా జలాశయం కడిగేసింది. ముసలాయన చెప్పింది అక్షరాలా నిజం. ఆమే ఆయన్ని దొంగను చేసింది.

ఆమె అప్పటికప్పుడు కారు వేసుకుని ఆయన ఇంటికెళ్లి, "తప్పైపోయింది బాబాయిగారూ, కాళ్లు పట్టుకోమన్నా పట్టుకుంటాను, ఒక్కసారి నాతో రండి" అని బతిమాలి షెడ్డుకు తీసుకొచ్చింది.

ఆయన భూతద్దంలోంచి చూశాడు. చూస్తూ చూస్తూ మొహం విప్పారింది.

"చూశావా! అంచు చూడు. టేపు పెట్టలేదు, గీత గియ్యలేదు. ఒట్టి చెయ్యి."

"చూశానండీ. ఇంకా బాగా కనబడుతుంది, ఉండండి" అని, చుట్టూ ఉన్న మురికి తీయడానికి రంగులమ్మ దూది తడిపి మెల్లగా ఆనించింది. ఆనించిందంతే. ఒక మూల తెలుపంతా దూదికి వచ్చేసింది. ఆమె నాలుక కరుచుకుని, వెంటనే నవ్వేసింది. "చూశారా, ఎంత సున్నితంగా ఉందో! ఇది అన్నేళ్లు నీళ్లలో ఉంటే మిగులుతుందా మరి?"

ఆయన నవ్వలేదు. చెయ్యి చాపి దూది తీసుకున్నాడు. వేళ్ల మధ్య నలిపి, ఆ తెల్లటి తడిని చూస్తూ ఉండిపోయాడు.

"ఒక్క తుడుపుకే వచ్చేసింది" అన్నాడు.

"అవునండీ, సుద్ద కదా."

"ఆ రోజు వానమ్మా."

రంగులమ్మకు ముందు అర్థం కాలేదు.

"వాడు బయల్దేరినప్పుడు ఎండ కాస్తోంది. కాసేపటికే మబ్బు కమ్మేసింది. ఇక కుండపోత. మేమంతా రన్‌వే పక్కన తడుస్తూ నిలబడ్డాం, వాడొస్తాడని." ఆయన రెక్క వైపు చూడటం లేదు. "ఆ వానలో ఎగిరొచ్చాడు వాడు."

రంగులమ్మ వంగి రెక్క కిందికి చూసింది. విమానం పొట్టకు పడిన చిల్లులన్నీ కిందినుంచి పైకి చీల్చుకుపోయినవే. ఆ సంగతి కనిపెట్టింది తనే. శత్రువుల ఫిరంగులని అందరూ అనుకుంటే తనూ అలాగే అనుకుంది.

"జలాశయంలోనే పోయుండొచ్చు కదండీ" అంది గబగబా. "వానకు కొంచెం మిగిలే ఉంటుంది. అన్నేళ్ల నీళ్లు ఎక్కడ, ఒక గంట వాన ఎక్కడ!"

"ఉండొచ్చు" అన్నాడాయన. "స్టోరులో నూనె రంగు డబ్బా ఉంది. తెల్లదే. ఆరడానికి మర్నాటిదాకా పడుతుందని నేనే వద్దన్నాను. సుద్ద అయితే చిటికెలో పనైపోతుందన్నాను." దూది ఆమె చేతికిచ్చి, "నన్ను ఇంటి దగ్గర దింపుతావా?" అన్నాడు.

ఇంటి ముందు కారు ఆగింది. దిగేటప్పుడు ఆయన తలుపు కూడా వేయలేదు.

ఆ తర్వాత ఆయన రావడం మానేశాడు. రెండు ఆదివారాలు చూసి అత్తగారు నిలదీస్తే, రంగులమ్మ దాచలేక చెప్పేసింది. ఆవిడ మంచం మీద ఉతికిన బట్టలు మడతపెడుతున్నారు. చేతిలోని తువ్వాలు అలాగే ఉండిపోయింది.

"వాన నాకు గుర్తుంది" అన్నారు. "మేమప్పుడు మూడో అంతస్తులో ఉండేవాళ్లం. సైరన్ మోగితే కిందికి పోవాలి. కానీ అందరం మెట్ల కిటికీ దగ్గర చేరి చూస్తున్నాం. మబ్బులోంచి ఒక విమానం కిందికి దిగింది. వంతెన దగ్గర ఫిరంగులు పేలాయి. అది పొగ కక్కుకుంటూ జలాశయం వైపు పోయింది. మెట్ల మీదున్న వాళ్లంతా చప్పట్లు కొట్టారు. పక్కింటాయన నన్ను ఎత్తుకుని చూపించాడు. నేనూ కొట్టాను."

రంగులమ్మ తువ్వాలు ఆవిడ చేతిలోంచి తీసి పక్కన పెట్టింది.

"అమ్మ కూడా కొట్టింది" అన్నారు అత్తగారు.

"అత్తయ్యా..."

"దాన్ని బురదలోంచి లేపినప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు మేం చూసింది ఎవర్నో. అమ్మ ఆ సంగతి తెలియకుండానే పోయింది. ఎవరితో చెప్పుకోను? చెప్తే ఏం బాగుపడుతుంది? మనవాళ్లే ఎందుకు కాల్చారో మాత్రం నాకు అంతుపట్టలేదు. ఇదిగో, ఇప్పుడు నువ్వు చెప్పావు."

రంగులమ్మ ఆవిడ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. "బాబాయిగారికి మాత్రం చెప్పకండి. జలాశయమే కడిగేసిందని అనుకోనివ్వండి. ఆ ఒక్క అనుమానమే ఆయన్ని నిలబెడుతోంది."

"రెండేళ్లూ చెప్పానా? ఇప్పుడెందుకు చెప్తాను?"

కానీ నాన్నగారు ముద్ద ముట్టడం లేదు, ఒకసారి వచ్చి చూడండి అని ఆయన కూతురు ఫోన్ చేసింది. అత్తాకోడళ్లిద్దరూ వెళ్లారు. ఆయన కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. గోడకు ఎప్పుడో రాసి, ఎవరూ తీసుకెళ్లని దుకాణాల బోర్డులు ఆనించి ఉన్నాయి. అత్తగారు ఎదురుగా కూర్చుని ఆరోగ్యం అడిగారు, కూతుర్ని అడిగారు, ఉక్కగా ఉందన్నారు. ఆయన అన్నిటికీ తలూపి, చివరికి నేరుగా కళ్లలోకి చూశాడు.

"చెల్లాయ్, ఒక్క మాట అడుగుతాను. ఆ రోజు మీ ఊళ్లో ఫిరంగులు పేలాయా?"

రంగులమ్మ అత్తగారి వైపు చూసింది. వద్దన్నట్టు తల కూడా అడ్డంగా ఊపింది. ఆవిడ ఆ వైపు చూడనే లేదు.

"పేలాయి అన్నయ్యా."

తర్వాత మెట్లు, కిటికీ, చప్పట్లు, అన్నీ చెప్పారు. ఏదీ దాచలేదు. ఆయన మధ్యలో ఒక్కసారే మాట్లాడాడు. "అమ్మ కూడానా?" అన్నాడు. "అమ్మ కూడా" అన్నారావిడ.

ఉన్నట్టుండి ఆయన గొంతు పెంచాడు. "రెండేళ్లు! రెండేళ్లు నా ఎదురుగా కూర్చుని టీ పోశావు! ఒక్క మాట అనలేకపోయావా?"

"అని ఏం చెయ్యను? అప్పటికి నీ రంగు సంగతి నాకు తెలీదు. నా చప్పట్ల సంగతే తెలుసు."

"పోనీ ఇప్పుడైనా నన్ను తిట్టు. తేలిగ్గా ఉంటుంది."

"నావల్ల కాదు."

"అయితే వెళ్లిపో. ఇవాళ్టికి వెళ్లిపో చెల్లాయ్."

ఇద్దరూ లేచి వచ్చేశారు. మెట్లు దిగుతుంటే అత్తగారు కోడలి భుజం పట్టుకున్నారు. "అడిగితే అబద్ధం ఎలా చెప్పనే" అన్నారు, కోడలు ఏమీ అనకపోయినా.

ఇటు మ్యూజియంలో ప్రదర్శన గడువు ముంచుకొస్తోంది. రంగులమ్మ డైరెక్టరుగారికి ఉన్నదంతా చెప్పింది. "పట్టీలుంటే బయల్దేరినప్పటి విమానం. లేకపోతే కూలినప్పటి విమానం. రెండూ నిజమే అంటున్నారుగా, అందంగా ఉన్న నిజం పెట్టుకుందాం" అన్నారాయన. ఆ మాటకు ఆమెకు ఒళ్లు మండింది. కానీ ఎదురు చెప్పబోయి, చెప్పడానికేమీ లేదని తెలుసుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి, ఏ రంగు సరైనదో ఆమెకు తెలియలేదు. పట్టీలు వేస్తే ఫిరంగి పేల్చినవాళ్లు కళ్లు లేనివాళ్లవుతారు. వేయకపోతే ఆ ముసలాయన వేయనివాడవుతాడు. షెడ్డులో రెక్క కింద నిచ్చెన మీద కూర్చుని రోజుల తరబడి ఆలోచించింది. వెల్డరు కూడా జోకులు మానేసి అటుగా మెల్లగా నడిచేవాడు.

ఒక మధ్యాహ్నం బ్రష్షు బాబాయి తనంతట తనే వచ్చాడు. కర్ర పట్టుకుని, గడ్డం గీసుకుని, బస్సు దిగి నడిచి వచ్చాడు. పలకరింపుల్లేవు.

"పట్టీలు వెయ్యి" అన్నాడు. "నూనె రంగు ముట్టుకోకు. సుద్దతోనే వెయ్యి."

"ఎవరైనా తడిచేత్తో ముట్టుకుంటే పోతాయి బాబాయిగారూ."

"పోతాయి. మళ్లీ వేసుకో. వాడికెలా వేశానో అలాగే ఉండాలి. మంచి రంగు వేస్తే అబద్ధమవుతుంది, అసలు వెయ్యకపోతే ఇంకో అబద్ధం."

పొడి, జిగురు తెప్పించి ఆయనే కలిపాడు. చెయ్యి వణికినా కొలత తప్పలేదు. పట్టీ మొదలుపెట్టాడు గానీ అంచు వంకర పోయింది. తుడిచి మళ్లీ గీశాడు. మళ్లీ పోయింది. మూడోసారి తుడిచి, కుంచె రంగులమ్మకిచ్చి, పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. ఆమె వేస్తూ ఉంటే, "పల్చన... ఇంకొంచెం పల్చన..." అంటూ చివరిదాకా చూశాడు.

విమానం పక్కన పెట్టే బోర్డు కోసం రంగులమ్మ గట్టిగా పోట్లాడింది. పట్టీలు సుద్దతో వేసినవనీ, వానకు కరిగిపోతాయనీ రాయించగలిగింది. సొంత ఊరి ఫిరంగులు కూల్చాయన్న వాక్యాన్ని మాత్రం పైవాళ్లు కొట్టేశారు. పరిశీలిస్తామన్నారు. అంతవరకు 'జలాశయంలో కూలిపోయింది' అని ఉంటుంది, ఎవరు కూల్చారో లేకుండా. పొట్టకు పడిన చిల్లులు పూడ్చమన్నారు. అది మాత్రం ఆమె వినలేదు.

ప్రదర్శన ప్రారంభం రోజు ముసలివాళ్లిద్దరూ రాలేదు. జనం పల్చబడ్డాక, ఒక మామూలు రోజున, రంగులమ్మ ఇద్దర్నీ కార్లో తీసుకొచ్చింది. దారి పొడుగునా ఇద్దరూ చెరో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఆయన వెళ్లిపొమ్మన్న రోజు తర్వాత వాళ్లు కలవడం అదే మొదలు.

అత్తగారు విమానం చుట్టూ ఒకసారి నడిచారు. పొట్ట కింద వంగి చిల్లులు చూశారు. ఆయన బోర్డు ముందు నిలబడి, పెదవులు కదుపుతూ రెండుసార్లు చదివాడు.

"ఎవరు కూల్చారో రాయలేదే?"

"అడుగుతున్నాం బాబాయిగారూ. రాస్తారు."

ఆమె గొంతులో నమ్మకం లేదని ఆయనకు తెలిసిపోయింది.

ఇంతలో కూతురి చెయ్యి పట్టుకున్న ఒకాయన వచ్చి, తాడు అవతల నుంచి రెక్కను చూపిస్తూ, "ఆ తెల్ల గీతలుంటే మన విమానం అని గుర్తన్నమాట. అప్పుడు మనవాళ్లు కాల్చరు" అని పిల్లకు వివరించాడు. పిల్ల బుద్ధిగా తల ఊపింది.

అత్తగారు, బ్రష్షు బాబాయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అన్నారావిడ మెల్లగా.

"నువ్వే చెప్పు చెల్లాయ్. నాకు గొంతు రావడం లేదు."

అత్తగారు కొంగు సర్దుకుని ఆ తండ్రీకూతుళ్ల వైపు నడిచారు.